దీపం ఉండగానే

యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లాలనుకున్నప్పుడు మొదట తలపెట్టిన పని పంపకం. బృహదారణ్యకోపనిషత్తులో ఆ సన్నివేశం చాలా మామూలుగా మొదలవుతుంది. ఆయనకు ఇద్దరు భార్యలు, మైత్రేయి, కాత్యాయని. తాను గృహస్థాశ్రమం వదిలి వెళ్తున్నానని, పోయేముందు వాళ్లిద్దరి మధ్యా ఉన్నది తేల్చేసి పోతానని మైత్రేయితో అంటాడు. భూమండలమంతా ధనంతో నిండి తనదైతే మాత్రం దానివల్ల తనకు చావు తప్పుతుందా అని ఆమె అడుగుతుంది. తప్పదని ఆయన ఒప్పుకుంటాడు. అక్కడి నుంచి ఆత్మను గురించిన ఆ గొప్ప బోధ సాగుతుంది.

బోధకు ముందున్న మాటను చాలామంది ఉపోద్ఘాతంగా దాటేస్తారు. కానీ అసలు చిక్కు అందులోనే ఉంది. అన్నీ వదిలేసి పోయేవాడికి ఇల్లూ గోవులూ ఎవరికి దక్కితే ఏం? ఇది నాది కాదు అనుకున్నవాడు మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు కదా? యాజ్ఞవల్క్యుడు అలా వెళ్లలేదు. వదులుకోవడం అంటే ముందు లెక్క తేల్చడమేనని ఆయనకు తెలుసు. తేల్చకుండా పోతే అది వదులుకోవడం అవదు, వెనకున్నవాళ్ల నెత్తిన పడేయడం అవుతుంది.

తెలుగిళ్లలో వ్యవహారం దీనికి సరిగ్గా ఎదురు తిరిగి ఉంటుంది. డెబ్బై దాటిన తండ్రి ముందు వీలునామా అన్న మాట ఎత్తి చూడండి. "అప్పుడే నా చావు కోసం ఎదురు చూస్తున్నార్రా" అని ఆయన మంచం మీదే అటు తిరిగి పడుకుంటాడు. "శుభమా అని పండగపూట ఆ మాటలేంటి నాయనా" అని తల్లి కళ్లు ఒత్తుకుంటుంది. కోడలు ఎత్తితే కోడలికి ఆశ, అల్లుడు ఎత్తితే అల్లుడికి దురాశ. చివరికి ఎవరూ ఎత్తరు. అంతా ఆ పైవాడి దయ అని వదిలేస్తారు. అందులో భక్తి కంటే భయమే ఎక్కువ. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెతను మిగతా అన్ని విషయాల్లోనూ వాడే జాతి, ఈ ఒక్క విషయంలో దీపం ఆరేదాకా ఆగుతోంది.

వీలునామా అన్న మాట పుట్టుకే ఆసక్తికరం. ఇంగ్లీషు 'విల్'కు పారసీ 'నామా' అతికితే తయారైన పదం అది. పాత ధర్మశాస్త్రాల్లో దానికి సమానమైన మాట లేదు. ఎందుకు లేదంటే, అవసరం లేకపోయింది. ఆస్తి ఒక మనిషిది కాదు, వంశానిది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర (కల్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడి కాలం నాటిది) కొడుక్కి పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు ఉందని చెప్పింది. తాత సంపాదించిన పొలం మీద పాలు తాగే మనవడికి కూడా హక్కున్నప్పుడు, తండ్రి ఎవరికని రాసిపోతాడు? 13వ శతాబ్దంలో తిక్కన సమకాలికుడైన కేతన ఆ గ్రంథాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో కావ్యాలు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లోనే ఒక కవి పంపకాల ధర్మం మీద పద్యాలు కట్టాడంటే, ఈ గొడవ ఎంత పాతదో, ఎంత ఇంటింటిదో ఊహించవచ్చు.

దాయాది అన్న మాటనే తీసుకోండి. దాయం అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి. దాన్ని అందుకునేవాడు దాయాది. అంతకు మించి ఆ మాటలో చెడు ఏమీ లేదు. కానీ ఈవేళ దాయాది అంటే పగవాడు. రెండు దేశాల మధ్య క్రికెట్ మ్యాచ్ జరిగితే పత్రికలు దాయాదుల పోరు అని శీర్షిక పెడతాయి. వాటాదారు అనే మాట శత్రువు అనే అర్థంలోకి జారడానికి ఎన్ని తరాల గట్టు తగాదాలు, ఎన్ని పెద్దమనుషుల పంచాయతీలు, ఎన్ని తెగని దావాలు కావలసి వచ్చాయో ఆ ఒక్క మాటే సాక్ష్యం చెబుతుంది.

వారసుడు ఎవరు అన్నది మొదటి నుంచీ మతానికి సంబంధించిన ప్రశ్నే. పిండం పెట్టేవాడిదే ఆస్తి అని పల్లెల్లో ఇప్పటికీ అంటారు. బెంగాల్‌లో దాయభాగం రాసిన జీమూతవాహనుడిది దాదాపు ఆ మాటే. చనిపోయినవాడికి పరలోకంలో ఎవరి పిండం వల్ల మేలు కలుగుతుందో వాడికి ఆస్తి. విజ్ఞానేశ్వరుడు ఇక్కడ ధైర్యంగా దారి మార్చాడు. సపిండుడు అన్న మాటలోని పిండానికి అన్నపు ముద్ద అని కాక శరీరం అని అర్థం చెప్పాడు. తండ్రి దేహంలోని అంశ ఎవరిలో ఉందో వాళ్లు సపిండులు. ఆ లెక్కన తండ్రి శరీరం కొడుకులో ఎంతుందో కూతురిలోనూ అంతే ఉంది. ఆయన సూత్రం అక్కడిదాకా వెళ్లింది కానీ కూతురి వాటా అక్కడిదాకా వెళ్లలేదు. పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకుల దగ్గరే ఆగిపోయింది. కూతురికి దక్కింది పసుపు కుంకుమ.

ఆ ఖాళీని పూడ్చడంలో తెలుగువాళ్లు ముందున్నారని గర్వంగా చెప్పుకోవచ్చు. ఎన్.టి.రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుహక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. ఆ హక్కు రావాలంటే 2005లో సవరణ వచ్చేనాటికి తండ్రి బతికే ఉండాలా అన్న వాదన కూడా సాగి సాగి, అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చాక ముగిసింది. తొమ్మిది వందల ఏళ్ల కిందటి సూత్రం తన సహజమైన ముగింపుకు అప్పుడు చేరింది.

చట్టం మారినంత మాత్రాన రాయాల్సింది రాయకుండా పోయేవాళ్ల ఇళ్లు చక్కబడవు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు చదివితే గుండె బరువెక్కుతుంది. పెళ్లయిన మూడు నెలలకే పాము కాటుతో భర్త పోయాడు. అత్తింటివాళ్లు ఆమెను గెంటేశారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఆమె ఉద్యోగం చేసింది, సొంతంగా కూడబెట్టుకుంది. 1996లో వీలునామా రాయకుండా చనిపోయింది. ఆ సొమ్ము కోసం కన్నతల్లి కోర్టుకు వెళ్లింది. అటువైపు నుంచి భర్త అక్కచెల్లెళ్ల పిల్లలు వచ్చారు. భర్త, పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం భర్త వారసులకు పోతుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. సానుభూతి ఉన్నా చట్టం అదే కాబట్టి ఆస్తి వాళ్లదేనని కోర్టు అంది. నాలుగు దశాబ్దాల పాటు గడప తొక్కనివ్వని ఇంటికి ఆమె జీవితకాలపు కష్టం వెళ్లిపోయింది. ఒక్క కాగితం, రెండు సాక్షి సంతకాలు ఉంటే తల్లికి దక్కేది. ఆ సెక్షన్ మీద వచ్చిన మరో పిటిషన్ సందర్భంగా 2025 నవంబరులో సుప్రీంకోర్టే మహిళలు, ముఖ్యంగా హిందూ మహిళలు, వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది.

రాసినందువల్ల ఏమొస్తుందో చూడాలంటే పిఠాపురం వెళ్లాలి. రాజా గంగాధర రామారావు సంతానం లేక వెంకటగిరి వంశం నుంచి ఒక బాలుణ్ని దత్తత తీసుకున్నారు. తర్వాత 1885లో ఇంట్లో కొడుకు పుట్టాడు. సంస్థానాన్ని ఆ బిడ్డకు వీలునామా రాశారు. రాజా పోయాక దత్తపుత్రుడు దావా వేశాడు. ఆ బిడ్డ పుట్టుకనే ప్రశ్నించాడు. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1899లో న్యాయమూర్తులు ఆ పుట్టుక చర్చలోకి దిగనే లేదు. పంచడానికి వీల్లేని సంస్థానమైనా సరే, దాన్ని వీలునామాతో ఎవరికైనా ఇచ్చే హక్కు రాజాకు ఉంది, ఆయన రాశారు, కాబట్టి అది చెల్లుతుంది అన్నారు. ఒక పసివాడి మీద పడబోయిన నింద, ఒక తల్లి మీద పడబోయిన మచ్చ, కోర్టు గదిలో విప్పి చూపాల్సిన అవసరం లేకుండా తండ్రి రాతే అడ్డు నిలిచింది. ఆ పిల్లవాడే పెద్దై రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు బహదూరు అయ్యాడు. తెలుగు మాటల పెద్ద దిక్కు సూర్యారాయాంధ్ర నిఘంటువు ఆయన పోషణలో, ఆయన పేరుతో వచ్చింది.

వీలునామా ఎప్పుడూ రక్షణకే పనికొస్తుందని మాత్రం అనలేం. అది చచ్చినా వదలని పట్టు కూడా కాగలదు. కలకత్తా ప్రసన్న కుమార్ ఠాగూరు ఏకైక కొడుకు జ్ఞానేంద్ర మోహన్ క్రైస్తవం పుచ్చుకున్నాడు. తండ్రి కోపం చల్లారలేదు. వీలునామాలో కొడుక్కి ఏమీ ఇవ్వలేదు. అంతటితో ఆగక, ఆస్తి ఇంకా పుట్టని వాళ్లకు తరతరాలుగా ఏ వరసలో చెందుతూ పోవాలో కూడా రాసిపెట్టాడు. 1872లో ప్రివీ కౌన్సిల్ ఆ కట్టుబాట్లను చాలావరకు కొట్టేసింది. తాను పోయేనాటికి పుట్టి ఉన్న మనిషికే ఇవ్వగలడు తప్ప, సొంతంగా కొత్త వారసత్వ చట్టం కల్పించలేడని చెప్పింది. బతికున్న అన్న కొడుక్కి ఇచ్చిన జీవితకాలపు హక్కు నిలిచింది. ఆ తర్వాతి హక్కు, తండ్రి వద్దనుకున్న ఆ కొడుకు దగ్గరికే తిరిగి వచ్చింది.

ఈ రెండు రాతల్లో ఉన్నదీ ప్రాణం పోయాక కూడా మాట చెల్లాలన్న కోరికే. తేడా ఎక్కడుంది? పిఠాపురం రాజా తన తర్వాత బతకాల్సినవాణ్ని చూసి రాశాడు. ఠాగూరు తన అవమానాన్ని చూసుకుని రాశాడు. కలం పట్టుకునేముందు ఎవరైనా తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. రాతలో కనిపించేది అవతలివాళ్ల అవసరమా, తన కోపమా? అలిగిన కూతురికి వాటా తగ్గించి, సేవ చేసిన కొడుక్కి పెంచి, ఆ కారణాన్ని కూడా కాగితం మీద ఎక్కించే తండ్రులున్నారు. ఆ వాక్యం వాళ్లు పోయిన ముప్పై ఏళ్లకు కూడా తోబుట్టువులను కాలుస్తూనే ఉంటుంది.

భారతం చదివిన జాతికి ఇది కొత్తగా చెప్పాల్సింది కాదు. ధృతరాష్ట్రుడు అసలు పంచలేదని అనలేం. పంచాడు. పండిన హస్తిన ఒకరికి, ఖాండవప్రస్థపు అడవి మరొకరికి. పేరుకు పంపకం, లోపల పక్షపాతం. చివరికి అయిదూళ్ల దగ్గర మాట తెగింది.

రాయడం సరే, ఎప్పుడు అప్పగించాలన్నది మరో చిక్కు. కౌషీతకి ఉపనిషత్తులో ఒక విచిత్రమైన క్రతువు ఉంది. మరణం దగ్గరపడిందనుకున్న తండ్రి ఇంట్లో కొత్త దర్భలు పరిపించి, అగ్ని ఏర్పాటు చేయించి, కొడుకును పిలుస్తాడు. తన వాక్కు, ప్రాణం, చూపు, వినికిడి, సుఖదుఃఖాలు ఒక్కొక్కటిగా కొడుకులో ఉంచుతున్నానంటాడు. కొడుకు ఒక్కొక్కటే స్వీకరిస్తున్నానంటాడు. ఇంతవరకు గంభీరంగా సాగుతుంది. ఆ తర్వాత వచ్చే నిబంధనే అసలైనది. ఒకవేళ తండ్రి కోలుకుంటే? అప్పుడతను కొడుకు అధీనంలో బతకాలి, లేదా సన్యాసిగా వెళ్లిపోవాలి. ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

వృద్ధాశ్రమాల్లో మగ్గుతున్న తల్లిదండ్రులు ఆ ఒక్క వాక్యం చదివితే ఇది తమ కథే అంటారు. ఇల్లు గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజుగా రాసిచ్చేస్తారు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాటి నుంచి కాఫీ ఆలస్యమవుతుంది. కౌషీతకి కాలంలో దీనికి విరుగుడు లేదు. ఇప్పుడుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే, ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. అయితే ఆ షరతు ఉన్నట్టు తేలాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో కేసులో, పెద్దలకు మేలు కలిగేలా ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలని చెప్పి, ఒక తల్లి కొడుక్కి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. బతికుండగా ఇవ్వాలనుకునేవాళ్లు షరతును, తమ జీవితకాల అనుభవ హక్కును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం పిల్లల మీద అపనమ్మకం కానే కాదు. వీలునామాకైతే ఆ బెంగే లేదు. రాసినవాళ్లు పోయేదాకా అది అమల్లోకి రాదు, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

మిగతా మతాలు ఈ విషయంలో ఏమన్నాయో చూస్తే హిందూ ఇళ్లలోని మొహమాటం మరింత వింతగా కనిపిస్తుంది. రాసిపెట్టాల్సిన ఆస్తి ఉన్న ముస్లిం, వసీయత్ (వీలునామా) దగ్గర లేకుండా రెండు రాత్రులు గడపకూడదని హదీసు చెబుతుంది. అదే సమయంలో, అప్పులు తీర్చాక మిగిలిన దాంట్లో మూడో వంతు మించి ఇష్టానుసారం రాయడానికి వీల్లేదని హద్దు గీసింది. మిగతా రెండు వంతులూ ఖురాన్ నిర్ణయించిన వారసులవి. మనిషి కోపానికీ ప్రేమకూ రెండింటికీ అది కళ్లెం. లూకా సువార్తలో ఒకడు వచ్చి, తన సోదరుణ్ని ఆస్తి పంచమని చెప్పాలని యేసును అడుగుతాడు. తనను మధ్యవర్తిగా ఎవరు నియమించారని ఆయన నిరాకరించి, ఇంకా పెద్ద కొట్లు కట్టుకోవాలనుకున్న రాత్రే ప్రాణం పోగొట్టుకున్న ధనికుడి కథ చెబుతాడు. పంపకం ఇంట్లోవాళ్లు చేసుకోవాల్సిన పని, దేవుడి మీదికి తోయాల్సింది కాదు అన్న అర్థం అందులో లేకపోలేదు.

ఉన్నది అసలు ఎవరిది అన్న ప్రశ్నకు ఆధునిక చట్టం ఒక చక్కని పోలిక అందించింది. నామినీ అన్న మాట ప్రతి బ్యాంకు పుస్తకంలోనూ ఉంటుంది. నామినీగా పేరుంటే డబ్బు తనదే అనుకునేవాళ్లే ఎక్కువ. 1983లో బీమా సొమ్ము విషయంలో, 2023 డిసెంబరులో షేర్ల విషయంలో, నామినీ సొంతదారు కాడని సుప్రీంకోర్టు చెప్పింది. అతను సొమ్ము అందుకుని అసలు వారసులకు చేర్చాల్సిన ధర్మకర్త. (బీమాలో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదేనని 2015లో చట్టం మార్చారు.) ఈశావాస్యోపనిషత్తు మనిషికి ఇచ్చిన స్థానం కూడా దాదాపు ఇదే. ఉన్నదంతా ఈశ్వరుడిదైనప్పుడు, మనిషి దాన్ని కొన్నాళ్లు అట్టే పెట్టి ముందుకు చేర్చే నామినీ మాత్రమే. ఎవరికి చేర్చాలో చెప్పకుండా పోయిన నామినీ తన పని సగంలో వదిలేసినట్టే. అలా వదిలేసిన సొమ్ము ఎంతో ఒక లెక్క ఉంది. పదేళ్లు, ఆపైన ఎవరూ అడగని డిపాజిట్ల కింద ప్రభుత్వరంగ బ్యాంకులు 2023 ఫిబ్రవరి నాటికి రిజర్వు బ్యాంకుకు బదిలీ చేసింది సుమారు 35 వేల కోట్ల రూపాయలు. అందులో పిల్లలకు తెలియకుండా తండ్రులు దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎన్నో ఉండే ఉంటాయి.

ఆస్తిని గురించి ఇంత ఆలోచించడం మమకారమే కదా అని అడిగేవాళ్లకు ఒక మాట. ఇల్లు కట్టినవాడు అందులో ఉంటాడు, చెట్టు నాటినవాడు బతికుంటే పండు తింటాడు. వీలునామా రాసినవాడు మాత్రం దాని ఫలితాన్ని కళ్లతో చూసే అవకాశమే లేదు. కృతజ్ఞత అందదు, పొగడ్త వినపడదు. ఫలాన్ని ఆశించని కర్మ అంటూ గృహస్థు చేయగలిగేది ఏదైనా ఉంటే, అది ఇదే.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. వాటా అందుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ సబ్‌రిజిస్ట్రార్ దగ్గర చేయించుకుంటే తర్వాత వాదించడం తేలిక. వయసు మీరాక రాస్తే అదే రోజు వైద్యుడి ధ్రువపత్రం తీసుకోవాలి. పిత్రార్జితంలో తన వాటా వరకే రాయగలరు, స్వార్జితమైతే మొత్తం రాయవచ్చు. చిన్నపిల్లలున్నవాళ్లు తమకేమన్నా అయితే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో అందులోనే రాయాలి. బావమరిది ఒక దేశంలో, తమ్ముడు మరో దేశంలో ఉన్న అమెరికా తెలుగు దంపతులకు ఇది పొలం, ఫ్లాటు కంటే ముందు తేల్చాల్సిన విషయం. అప్పులు కూడా రాయాలి. పిల్లలకు తండ్రి ఆస్తి కంటే ముందు తెలియాల్సింది ఆయన అప్పే.

సంక్రాంతికి పిల్లలంతా ఇంటికి వస్తారు. పెద్దలకు బట్టలు పెట్టి, మూడు తరాల పేర్లు తలుచుకునే పండుగ అది. పోయినవాళ్ల మాట ఎలాగూ ఎత్తుతారు కాబట్టి, ఆ పూట ఉన్నవాళ్ల మాట కూడా ఎత్తవచ్చు. ఈసారి పండుగకు అమ్మా నాన్నా కూతుళ్లనూ కొడుకులనూ ఒకేచోట కూర్చోబెట్టి, బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుందో, బ్యాంకు కాగితాలు ఏ సంచిలో ఉన్నాయో, ఎవరికి ఏం రాశారో, ఎందుకు రాశారో తమ నోటితోనే చెప్పండి.